చీటీ రాత మారితే చాలునా?

మందుల చీటీ చదవగలగడం రోగికి ప్రాథమిక హక్కని పంజాబ్-హర్యానా హైకోర్టు 2025 ఆగస్టులో చెప్పింది. ఒక బెయిలు కేసులో ప్రభుత్వ డాక్టరు రాసిన రిపోర్టులో ఒక్క ముక్కా అర్థం కాకపోవడంతో వచ్చిన తీర్పు ఇది. రెండేళ్లలో కంప్యూటర్ చీటీలు రావాలన్నారు, అందాకా క్యాపిటల్ అక్షరాల్లో రాయమన్నారు. మన తెలుగువాళ్లకి ఈ గొడవ కొత్తదేం కాదు. నల్గొండలో మందుల షాపు నడిపే చిలుకూరి పరమాత్మ గారు 2014లోనే హైదరాబాదు హైకోర్టుకెక్కారు. 2016లో మెడికల్ కౌన్సిల్ కూడా స్పష్టంగా, వీలైతే క్యాపిటల్ అక్షరాల్లో రాయాలని నిబంధన పెట్టింది. పెట్టి ఏం లాభం? మా వీధి చివర షాపు కుర్రాడు ఇప్పటికీ చీటీని లైటు కింద అటూ ఇటూ తిప్పి, "ఇది దేనికిచ్చారమ్మా?" అని నన్నే అడుగుతాడు!

ఇంగ్లండులో ఓ డాక్టరు అమాక్సిల్ అని రాస్తే షాపులో డయోనిల్ అని చదివి ఇచ్చేశారు. డయోనిల్ అంటే షుగర్ బిళ్ల. షుగరు లేని ఆ మనిషికి షుగరు పడిపోయి మెదడు దెబ్బతింది. తప్పులో పాతిక వంతు డాక్టరుది, ముప్పాతిక షాపుదని 1989లో అక్కడి కోర్టు తేల్చింది.

అందుకే డాక్టరే నేరుగా కంప్యూటర్లో మందు ఎంచుకునే పద్ధతి వచ్చింది. మోతాదు, వేళలు అందులోనే. పెన్సిలిన్ పడదని ముందే రాసి ఉంటే అది హెచ్చరిస్తుంది కూడా. బోస్టన్‌లోని బ్రిగామ్ ఆస్పత్రిలో దీనివల్ల మందుల విషయంలో తీవ్రమైన తప్పులు సగానికి పైగా తగ్గాయని 1998లో లెక్కతేలింది. మన హనుమంతవాకలోనే ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది కదా, ఆ సంస్థ కేసు వివరాలు రాసుకునే కంప్యూటర్ పద్ధతిని సొంతంగా తయారుచేసుకుని 2010 నుంచి అమల్లోకి తెచ్చింది. అయితే కంటి ఆస్పత్రి వేరు, కె.జి.హెచ్. వేరు. 1923 నుంచి శ్రీకాకుళం మొదలు ఒడిశా దాకా జనం వచ్చిపడే చోట, ఓ.పి.లో డాక్టరు తల ఎత్తడానికే తీరికుండదు. ఇక మౌస్ ఎప్పుడు పట్టుకుంటారు?

తొందరపడితే ఏమవుతుందో అమెరికాలో పిట్స్‌బర్గ్ పిల్లల ఆస్పత్రి చూపించింది. 2002లో ఆరు రోజుల్లో మొత్తం ఆస్పత్రికి కంప్యూటర్ ఆర్డర్లు పెట్టేశారు. అంతకుముందు పాపని అంబులెన్సులో తెస్తుండగానే మందులు రాసి సిద్ధంగా ఉంచేవారు. కొత్త పద్ధతిలో పాప వచ్చి, పేరు నమోదయ్యేదాకా ఆర్డరు పెట్టడానికే వీల్లేదు. వేరే ఆస్పత్రుల నుంచి తెచ్చిన పిల్లల్లో మరణాలు నూటికి 2.8 నుంచి 6.57కి పెరిగాయి. అదే కంపెనీ సాఫ్ట్‌వేర్ సియాటిల్ పిల్లల ఆస్పత్రిలో పెడితే మరణాలు పెరగలేదు. అక్కడ సాధారణంగా వాడే ఆర్డర్లన్నీ ముందే తయారుచేసి పెట్టుకున్నారు మరి.

మన దగ్గర నాకు ఇంకో భయం ఉంది. నిరుడు మా అత్తయ్యగారి కోసం ఊళ్లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నాలుగు రోజులున్నాను. రౌండ్స్‌లో డాక్టరు గారు నోటితో చెప్పుకుంటూ వెళ్లిపోయేవారు. సిస్టరు ఓ కాగితం ముక్క మీద గీసుకుని, గంట తర్వాత టైపు చేసేది. పాస్‌వర్డ్ ఆయనది, వేళ్లు ఈ పిల్లవి. పొరపాటు జరిగితే ఎవరి ఉద్యోగం పోతుందో మీరే చెప్పండి. ఇలాగైతే కంప్యూటరు పెట్టి కూడా ఒక రాతకి రెండు రాతలు చేసుకున్నట్టే.

ఇంటికొచ్చాక మందులు వేసేది ఎలాగూ మనమే. అచ్చయిన చీటీలోనూ 1-0-1 అనే ఉంటుంది. "ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక" అని తెలుగులో అచ్చువేయడం ఆ మిషనుకేం కష్టం? ఇంగ్లీషులో వేసే చేత్తోనే వేస్తుంది, ఎవరైనా చెప్పాలంతే.

ఇంకొకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక కరెంటు లేక, ఫోన్లు లేక మనం ఎన్ని రోజులు గడిపామో వైజాగ్‌లో ఎవరూ మర్చిపోలేదు. కాబట్టి కంప్యూటరు పెట్టిన వార్డులో కూడా, ప్రతి పూటా మందుల పట్టిక ఒకటి కాగితం మీద తీసి సిస్టరు బల్ల మీద ఉంచాలి.