అడ్వాన్సా, డిపాజిట్టా?

పోయిన నెల ఒక రాత్రి పదకొండింటికి, యాప్రాల్‌లో ఉండే మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఫొటో పంపాడు. రెంటల్ అగ్రిమెంట్ రెండో పేజీ. కింద ఒకటే లైను: 'అన్నా, నా 30 వేలు పోయినట్టేనా?'

వాడు ఆఫీసుకు దగ్గరగా ఇల్లు మారుతున్నాడు. నెలకు 15 వేల అద్దె, దిగినప్పుడు రెండు నెలల అడ్వాన్స్. 'అంకుల్, చివరి రెండు నెలలు అడ్వాన్స్‌లో పట్టేసుకోండి' అన్నాడట. ఓనర్ ఆర్మీలో చేసి రిటైరైన మనిషి. ఆ ఏరియాలో అలాంటి ఓనర్లు చాలామందే, మాట సూటిగా ఉంటుంది. 'అది అడ్వాన్స్ కాదు బాబూ, డిపాజిట్. అద్దె అద్దే. ఖాళీ చేశాక పెయింటింగ్‌కి ఒక నెల పట్టుకుని మిగతాది ఇస్తా' అన్నారు.

మొదటి మాటలో అంకుల్‌దే కరెక్టు. అడ్వాన్స్ అంటే కట్టాల్సిన బిల్లులో కొంత ముందే కట్టడం. ఫంక్షన్ హాల్‌కి ఇస్తాం చూడండి, అది. చివరి బిల్లులో తగ్గుతుంది. డిపాజిట్ అంటే నమ్మకానికి వాళ్ల దగ్గర ఉంచే మన డబ్బు. గ్యాస్ సిలిండర్‌కి కట్టేది అదే. సిలిండర్ వెనక్కి ఇస్తే డబ్బు వెనక్కి వస్తుంది. మన హైదరాబాద్‌లో రెండింటినీ అడ్వాన్స్ అనే అంటాం కానీ వాడు సంతకం పెట్టిన కాగితంలో ఉన్నది 'రిఫండబుల్ సెక్యూరిటీ డిపాజిట్'. (బ్యాంకులోనైతే ఇంకో తమాషా. మనం వేసేది డిపాజిట్, బ్యాంకు మనకిచ్చే అప్పు అడ్వాన్స్!)

మరి పెయింటింగ్? ఇక్కడే మావాడు బోల్తాపడ్డాడు. 'నార్మల్ వేర్ అండ్ టేర్ ఎక్సెప్టెడ్' అన్న లైను కింద గీత గీసి, 'నేను యాక్సెప్ట్ చేసేశాగా అన్నా, ఇక ఏం మాట్లాడతాం?' అన్నాడు. యాక్సెప్టెడ్ అంటే ఒప్పుకున్నది. ఎక్సెప్టెడ్ అంటే మినహాయించినది. స్పెల్లింగ్‌లో తేడా రెండు అక్షరాలే, పలికితే చెవికి ఒకటే. అర్థం మాత్రం పూర్తిగా తిరగబడింది. తీసుకున్నప్పుడు ఇల్లు ఎలా ఉందో అలాగే అప్పగించాలి, మామూలు అరుగుదల తప్ప. ఆ లైను వాడి మెడకు ఉరి కాదు, వాడి చేతిలో గొడుగు.

ఈ 'వేర్ అండ్ టేర్' కొత్త మాటేం కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్‌లోనే ఉంది. వేరే ఒప్పందం లేకపోతే, మామూలు వాడకంలో వచ్చే మార్పులకు అద్దెకున్నవాళ్లు బాధ్యులు కారు. గోడ రంగు వెలిసిపోతే అది వేర్. గోడకు సుత్తితో బొక్క పెడితే డ్యామేజ్. టేర్ అంటే చిరుగు, 'టియర్' అని చదివితే కన్నీళ్లు. మావాడికి ఆ రాత్రి రెండోదే వచ్చేలా ఉంది.

వాడి అగ్రిమెంట్ నాలుగు పేజీలూ చదివాను. పెయింటింగ్ ఖర్చు అన్న ముక్క ఎక్కడా లేదు. ఉంటే కథ వేరు, రాసుకున్నదే చెల్లుతుంది. చాలా అగ్రిమెంట్లలో 'ఒక నెల అద్దె పెయింటింగ్‌కి' అని ముందే ఉంటుంది, మనం చూడకుండా సంతకం పెట్టేస్తాం.

మర్నాడు ఇద్దరూ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు. వాడు రెండు నెలల అద్దె కట్టాడు, ఫ్రెండ్ దగ్గర కొంత అప్పు చేసి మరీ. అంకుల్ ఆ లైను రెండుసార్లు చదివి, పెయింటింగ్ వదిలేశారు. కిచెన్‌లో పగిలిన టైలుకు 1,200 పట్టుకున్నారు. అది డ్యామేజే, మావాడు కిక్కురుమనలేదు. మిగతాది తాళాలిచ్చిన రోజే ఫోన్‌పే చేశారు.

కొత్త ఇంటి అగ్రిమెంట్‌లో పెయింటింగ్ లైను ఉందట. ఈసారి సంతకానికి ముందే అడిగాడు, సగానికి దిగింది.