వచ్చినవారు కాదు, మిగిలిందేమిటన్నదే ప్రశ్న

విదేశాల నుంచి వచ్చి మన పిల్లలకు చదువు చెప్పే క్రైస్తవ స్వచ్ఛంద సేవకుల ప్రస్తావన వస్తే, మన రాజకీయాలలో రెండే రెండు గొంతులు వినిపిస్తాయి. చదువు ముసుగులో మతమార్పిడి జరుగుతోందన్నది మొదటిది. సేవను ప్రశ్నించడమే మైనారిటీలపై దాడి అన్నది రెండవది. ఈ వాగ్వాదంలో పిల్లవాడు కనిపించడు. వాడు ఏం నేర్చుకున్నాడు? ఏ భాషలో నేర్చుకున్నాడు? పాఠం చెప్పినవారు విమానమెక్కి వెళ్లిపోయాక వాడికేం మిగిలింది? ఈ ప్రశ్నలను ఢిల్లీలో కూర్చుని కాక, ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి చోటును దృష్టిలో పెట్టుకుని అడిగితే సమాధానాలు కొంత స్పష్టంగా వస్తాయి.

ఖరగ్‌పూర్ రైల్వే కన్న ఊరు. పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడికి చేరింది. జంక్షన్, వెనువెంటనే వర్క్‌షాపు వెలిశాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు రైల్వే క్వార్టర్లలో స్థిరపడి తరాలు గడిచాయి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, ప్రభుత్వ కార్యాలయంలో బెంగాలీ, బడిలో ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య పెరిగే పిల్లవాడికి అమ్మ మాట నోటికి వస్తుంది గాని, అమ్మ భాషలో ఉత్తరం చదవడం రాకుండా పోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఇక్కడి తెలుగువారి ఓటు విలువ పార్టీలకు బాగా తెలుసు. 2016లో ఖరగ్‌పూర్ సదర్‌లో బీజేపీ, 2019 ఉపఎన్నికలో తృణమూల్, 2021లో మళ్లీ బీజేపీ గెలిచాయి. ఇంతగా ఊగిసలాడే స్థానంలో ఏ సమూహాన్నీ ఎవరూ నిర్లక్ష్యం చేయలేరు. 2020 డిసెంబరులో, శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, మమతా బెనర్జీ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం స్వాగతించదగినదే. అయితే గుర్తింపు ఉత్తర్వు వేరు, పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించే పంతులు వేరు. భాషాపర అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఏ అధికరణంలో రాష్ట్రాలకు చెబుతోంది. రాజ్యం ఆ పని పూర్తిగా చేయని చోటనే సేవాసంస్థకు తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపులో అడుగుపెట్టేవారిని అనుమానించే ముందు, అది ఎందుకు తెరుచుకుందో కూడా అడగాలి.

ఇక వచ్చేవారి సంగతి. ఈ ఊరి తెలుగువారి పూర్వీకులు బయలుదేరిన ఉత్తరాంధ్రలోనే కెనడియన్ బాప్టిస్టు మిషన్ బడులు నడిపింది. ఆ మిషన్ కథ కెనడాలో మొదలు కాలేదు. టెలిగ్రాఫ్ శాఖ ఉద్యోగం వదులుకున్న థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు కాకినాడలో పని ప్రారంభించి, భారం మోయలేక పిలిస్తే, 1874లో జాన్ మెక్లారిన్ అక్కడికి చేరాడు. తరువాత వచ్చినవారు ముందు తెలుగు నేర్చుకున్నారు, ఆ తరువాతే నోరు విప్పారు. ఖరగ్‌పూర్‌కు పొరుగునున్న బాలాసోర్ ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ ఫ్రీ బాప్టిస్టు జెరెమియా ఫిలిప్స్ 1852లో బెంగాలీ లిపిలో సంతాలీ భాషా పరిచయ గ్రంథాన్ని ప్రచురించాడు. వీరిని దేవతలుగా చూడనక్కరలేదు. వారు సామ్రాజ్యం నీడలో వచ్చారు. మతం మార్చడమే తమ ధ్యేయమని దాచుకోనూ లేదు. కాని ఊరి భాష రాకుండా ఊరి పిల్లలకు చదువు చెప్పవచ్చునన్న భ్రమ మాత్రం వారికి లేదు.

ఈ ప్రయాణం ఒకవైపే సాగిందనుకోవడం కూడా పొరపాటే. 1860 నుంచి ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లినవారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. వారికోసం 1903లో జాన్ రంగయ్య నెల్లూరు ప్రాంతం నుంచి భార్యాబిడ్డలతో ఓడెక్కాడు. పంపినది అమెరికా సంస్థ కాదు, తెలుగు బాప్టిస్టుల సొంత మిషన్ సంఘం. కియర్స్‌నీ తేయాకు తోటలలోని కూలీల మధ్య ఆయన అదే ఏడాది సంఘాన్ని స్థాపించాడు; 1915లో మరణించేవరకు ఆ దేశంలోనే పనిచేశాడు. ‘విదేశీ హస్తం’ అంటూ ఉలిక్కిపడే మనం ఒక్కటి గుర్తుంచుకోవాలి: నేటాల్‌లో ఆ విదేశీ హస్తం మనదే. అది చెల్లుబాటు కావడానికి కారణం, అది కూలీల భాషలో మాట్లాడడం, వారితోపాటే ఉండిపోవడం.

ఈ కొలబద్దతో నేటి స్వచ్ఛంద సేవను కొలిస్తే ఏం తేలుతుంది? వేసవి సెలవుల్లో రెండు వారాలు, మూడు వారాలు గడపడానికి వచ్చే బృందాలు చాలావరకు మంచి మనసుతోనే వస్తాయి. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలూ వాటిలో ఉంటారు. పాటలు నేర్పుతారు, ఫొటోలు దిగుతారు, కన్నీళ్లతో వెళ్లిపోతారు. వారు మారి వెళతారన్నది నిజమే. మారవలసింది వారా, ఇక్కడి పిల్లవాడి చదువా? ఒక్కరి రానుపోను విమాన ఛార్జీతో స్థానికంగా ఒక ఉపాధ్యాయురాలికి కొన్ని నెలల జీతం ఇవ్వవచ్చు. ఆ లెక్క వేసుకోని సేవ యాత్ర అవుతుంది గాని విద్య కాదు.

ప్రభుత్వం తీరూ దీనికి మందు కాదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలనా వ్యయ పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. ఒక సంస్థ అందుకున్న విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని పూర్తిగా నిషేధించింది. లెక్కలు అడగడం తప్పు కాదు. కాని పెద్ద సంస్థల ద్వారా నిధులు పొందుతూ పేటలో నాలుగు గదుల బడి నడిపే చిన్న సంస్థకే ఈ నిషేధం ఎక్కువగా తగులుతుంది. 2021 డిసెంబరులో మిషనరీస్ ఆఫ్ చారిటీకి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ నిరాకరించి, కొద్ది రోజులకే తిరిగి ఇచ్చారు. ప్రపంచమంతా ఎరిగిన పేరు గనుక అది గట్టెక్కింది. పేరులేని సంస్థ ఎవరి తలుపు తట్టాలి?

మతమార్పిడి భయాన్ని కొట్టిపారేయనూ కూడదు. మతప్రచార హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు ఇమిడి లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుతో విభేదించేవారు సైతం పిల్లల విషయంలో ఒక మాటకు ఒప్పుకోవాలి: ఆకలితో, అవసరంతో వచ్చిన పసివాడి సమ్మతి సమ్మతి కాదు. చదువు వేళ ప్రార్థన వద్దు, తల్లిదండ్రుల అనుమతి రాతలో ఉండాలి, జమాఖర్చులు గోడమీద అతికించాలి. ఈ మూడింటినీ సంస్థలు ఎవరూ అడగకముందే పాటిస్తే, అనుమానంతో రాజకీయం చేసేవారికి సగం సరుకు తగ్గిపోతుంది.

ఆంధ్రలోని సంఘాలను అడగవలసిన మాట ఒకటుంది. రంగయ్య కాలంలో నెల్లూరు నుంచి నేటాల్‌కు ఓడలో వెళ్లవలసి వచ్చింది. విశాఖలో సాయంత్రం రైలెక్కితే ఖరగ్‌పూర్ మర్నాటి ప్రయాణమే. వీసా అక్కరలేదు, విదేశీ విరాళమూ అక్కరలేదు. తెలుగు చదవను రాయను వచ్చి, బెంగాలీ నేర్చుకునే ఓపిక ఉన్న ఇద్దరు యువకులను రెండేళ్లు ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు పంపగల సంఘాలు మనకు లేవా? సముద్రాల అవతలి నుంచి వచ్చేవారిని రావద్దనడం నా ఉద్దేశం కాదు. రెండు వారాలకు వచ్చేవారు తమ టికెట్టు డబ్బు పంపాలి. స్వయంగా రాదలచినవారు భాష నేర్చుకునేంత కాలం ఉండాలి. వారు వెళ్లేనాటికి బడి తాళంచెవి ఆ పేటలోని తెలుగు ఉపాధ్యాయురాలి చేతిలో ఉంటే అది సేవ. వారి వెంటే విమానమెక్కితే, దానికి మరేదైనా పేరు వెతుక్కోవాలి.