కుట్లు విప్పిన తర్వాత

తడ దగ్గర ఒక ఊళ్ళో, ఆశా కార్యకర్త వెంట ఒక బాలింత ఇంటికి వెళ్ళాను. బిడ్డకు ఆరోజుకు ఇరవై ఒక్క రోజులు. ఆశా కార్యకర్త బిడ్డను తూచింది, ఒళ్ళు వెచ్చగా ఉందేమో చూసింది, పాలు సరిగ్గా తాగుతున్నాడా అని అడిగి రాసుకుంది. ఇక లేవబోతుంటే, మంచం మీద కూర్చున్న ఆ అమ్మాయి మెల్లగా అంది: “అక్కా, కుట్ల పైన ఇక్కడ గిల్లినా తెలీడంలేదు. నా పొట్ట కానట్టుంటాది. కాళ్ళు ఇంకా నీరు దిగినట్టే ఉండాయి, చెప్పులు పట్టడంలేదు.”

“కోసి కుట్టినాక అట్నే ఉంటాదిలే” అంది వాళ్ళమ్మ. ఆమె ముగ్గురు బిడ్డల్నీ ఇంట్లోనే కన్నది. ఆశా కార్యకర్త నవ్వి, “నాకూ అట్నే ఉన్నింది మేడం, పదేండ్లయింది, ఇంకా కొంచెం చోటు మొద్దుగానే ఉంది” అంది.

నేను మాట్లాడలేదు. ఎందుకంటే పదిహేనేళ్ళ క్రితం నాకూ ఆపరేషన్ కాన్పే. కోత పైన అరచేతి మేర స్పర్శ లేదని నాకు తెలుస్తూనే ఉంది. అప్పటికే సోషియాలజీలో డాక్టరేటు తీసుకున్నదాన్ని, స్త్రీల శరీరాల మీద రాజ్యం పెత్తనం గురించి వ్యాసాలు రాసినదాన్ని. అయినా డాక్టరును ఆ మాట అడగడానికి సిగ్గుపడ్డాను. బిడ్డ బాగుంది కదా, ఇదొక విషయమా అనుకున్నాను. ఆ గదిలో ముగ్గురం ఉన్నాం. ముగ్గురి చదువులూ బతుకులూ వేరు. ముగ్గురికీ కోత ఒకటే. ముగ్గురిలో ఒక్కరికి కూడా ఎవరూ ఏమీ చెప్పలేదు.

మన రాష్ట్రాల్లో ఇది కొద్దిమంది సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం సిజేరియన్లే. దేశం మొత్తమ్మీద అది 21.5 శాతం. ఆంధ్రలో ప్రైవేటు ఆస్పత్రుల్లో ఈ సంఖ్య 63 శాతం, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 26.6 శాతం. జనాభా స్థాయిలో పది శాతం దాటాక సిజేరియన్లు పెరిగినంత మాత్రాన తల్లుల, శిశువుల మరణాలు తగ్గడం కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. అనవసరపు కోతలకు వ్యతిరేకంగా మనం మాట్లాడుతూ వచ్చాం. మాట్లాడాలి కూడా.

కానీ ఈ చర్చలో మనవైపునా ఒక లోపం జరిగింది. మనం కోతల్ని లెక్కపెట్టాం, కోత పడ్డ మనిషి ఇంటికెళ్ళాక ఏమైందో అడగలేదు. పైగా “నొప్పులు పడలేక ఆపరేషన్ చేయించుకున్నారు” అనే లోకం మాటకు మన గణాంకాలు కూడా తెలియకుండా బలమిచ్చాయేమో. అనవసరంగా జరిగినా, ప్రాణం కాపాడడానికే జరిగినా, ఆపరేషన్ అయిన స్త్రీ తప్పు చేసినదానిలా నోరు మూసుకుంటోంది. ఆస్పత్రి దృష్టిలో కుట్లు విప్పడంతో పని అయిపోయింది. ఇంటివాళ్ళ దృష్టిలో బిడ్డ చేతికి రావడంతో పని అయిపోయింది. ఆ మధ్యలో ఉన్న శరీరం ఎవరిది?

ఆ అమ్మాయి అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబులు వైద్యశాస్త్రంలో ఎప్పటినుంచో ఉన్నాయి. పొత్తికడుపు మీద అడ్డంగా కోసినప్పుడు చర్మానికి స్పర్శనిచ్చే సన్నని నరాలు తెగుతాయి. అవి తిరిగి పెరగడానికి నెలలు పడుతుంది. ఆ సమయంలో తిమ్మిరి, చీమలు పాకినట్టుండడం, సూదులు గుచ్చినట్టుండడం మామూలే. కొందరికి ఏడాది దాటుతుంది. కొందరికి కొంత మేర స్పర్శ ఎప్పటికీ రాదు. ఇది జబ్బు కాదు, కానీ ముందుగా తెలియాల్సిన విషయం. ఎందుకంటే స్పర్శ లేనిచోట వేడి తెలియదు. మన ఇళ్ళల్లో బాలింతకు కాపడం పెడతారు, ఉడుకునీళ్ళు పోస్తారు. మొద్దుబారిన చర్మం కాలినా ఆమెకు తెలియదు. కాబట్టి కోత దగ్గర కాపడం పెట్టకూడదు. నీళ్ళ వేడి చేతితో చూసుకున్నాకే పోసుకోవాలి. నడుముకు వేసిన మత్తు సూది వల్ల కాళ్ళకు వచ్చే తిమ్మిరి మాత్రం కొన్ని గంటల్లో పోవాలి. మరునాటికీ కాలు మొద్దుగా ఉన్నా, పట్టు తప్పుతున్నా, మూత్రం రాకపోయినా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఇక వాపు. నిండు గర్భిణి శరీరంలో మామూలుకంటే ఎంతో నీరు ఎక్కువగా చేరుతుంది. ఆపరేషన్‌లో ఎక్కించే సెలైన్ దానికి తోడవుతుంది. అందుకే మొదటి రోజుల్లో రెండు కాళ్ళూ వాస్తాయి, వారం రెండు వారాల్లో తగ్గుతాయి. కాళ్ళు కొంచెం ఎత్తున పెట్టుకుని పడుకోవడం, వీలైనంత త్వరగా లేచి కొద్దికొద్దిగా నడవడం దీనికి మందు. “నీళ్ళు తాగితే నీరు పడుతుంది” అని బాలింత నోరు కట్టెయ్యడం మందు కాదు. నీళ్ళు మానితే వాపు తగ్గదు. మలబద్ధకం వస్తుంది, మూత్రంలో మంట పుడుతుంది, రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

అన్ని వాపులూ ఒకటి కాదు. ఒక్క కాలే వాచి, పిక్కలో నొప్పి, వేడి ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ కాలికి నూనె మర్దన చేయకూడదు, ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఆయాసం, గుండెలో నొప్పి మొదలైతే 108కి ఫోను చేయాలి. మొహం, చేతులు వాచి, తలనొప్పి, చూపు మసక, కడుపు పైభాగంలో నొప్పి ఉంటే రక్తపోటు పెరిగిందని అర్థం కావచ్చు. కాన్పయిన తర్వాత కూడా, ఆరు వారాల దాకా, ఇది వచ్చి ఫిట్స్‌కు దారితీయవచ్చు. మూడు వారాలైనా వాపు తగ్గకపోతే రక్తపోటు చూపించుకోవాల్సిందే. ఇదంతా ఒక కాగితం మీద పడుతుంది. “అట్నే ఉంటాదిలే” అన్న మాట చాలాసార్లు నిజమే, కొన్నిసార్లు ప్రాణం తీసే మాట. ఏది ఎప్పుడో తెలుసుకునే హక్కు ఆ అమ్మాయికి ఉంది.

ఆ కాగితం ఆమెకు ఎందుకు అందలేదు? తడ ఆంధ్రకు చివరి మండలం, 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి ఆడవాళ్ళు కాన్పుకు కొందరు సూళ్ళూరుపేటకు పోతారు, కొందరు హద్దు దాటి చెన్నై వైపు పోతారు. అక్కడ జాగ్రత్తలు అరవంలో చెబుతారు. డిశ్చార్జి చీటీ ఎక్కడైనా ఇంగ్లీషులోనే. తెలుగు మాత్రమే చదవగల స్త్రీకి తన పొట్ట గురించి రాసిన కాగితం రెండు భాషల్లో మూగది. ఇంటికొచ్చాక ఆశా కార్యకర్త ఆరు వారాల్లో పలుసార్లు వస్తుంది. కానీ ఆ పథకం పేరే నవజాత శిశు సంరక్షణ. తల్లి గురించి కొన్ని ప్రశ్నలు ఉన్నా, చూపంతా తూకం మీదే ఉంటుంది. ఆశా కార్యకర్తను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆమె పొట్ట గురించీ ఎవరూ అడగలేదు కదా.

చెప్పడం ఒక్కటే చాలదు, విశ్రాంతి కూడా కావాలి. 2017 సవరణ తర్వాత మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో సెలవు ఉంది. కాన్పు వల్ల వచ్చిన అనారోగ్యానికి మరో నెల అదనం. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవి ఉన్నాయి. తడ చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు వ్యాన్లలో వెళ్ళే అమ్మాయిల్లో ఆ అదనపు నెల గురించి విన్నవాళ్ళు నాకు ఒక్కరూ కనబడలేదు. ఇక పులికాట్ ఒడ్డున చేపలు ఏరే స్త్రీకి, కూలికి పోయే యానాది స్త్రీకి ఏ సెలవూ లేదు. బిందె ఎత్తకూడదని డాక్టరు చెప్పాడు సరే, ఆ బిందె ఎవరెత్తాలో ఎవరూ చెప్పలేదు. ఆ మాట మొగుడి ముందు చెప్పాల్సింది.

1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన “సవాలక్ష సందేహాలు” ఆడవాళ్ళ ప్రశ్నలను ప్రశ్నలుగా గౌరవించింది. ఆ పని ఇప్పుడు మన చేతుల్లో ఉంది. ప్రతి ఆస్పత్రీ సిజేరియన్ అయిన స్త్రీకి తెలుగులో ఒక పేజీ ఇచ్చి, చదివి వినిపించాలని మనం అడగాలి. వాపు, తిమ్మిరి, రక్తపోటు ఆశా కార్యకర్త అడగాల్సిన ప్రశ్నల్లో చేరాలి. కాన్పు తర్వాత ఆరు వారాల్లో కనీసం మూడుసార్లు తల్లినీ బిడ్డనీ చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. బిడ్డను మాత్రమే అనలేదు. ప్రభుత్వం ఇచ్చేదాకా ఆ పేజీ మన సంఘాలే రాసుకోవచ్చు.

ఆరోజు ఆశా కార్యకర్త మళ్ళీ కూర్చుంది. రెండు కాళ్ళూ నొక్కి చూసింది. వాపు రెంటికీ సమంగానే ఉంది. ఆ సాయంత్రం రక్తపోటు చూపించడానికి తీసుకెళ్ళింది, మామూలుగానే వచ్చింది. ఫారంలో గడి లేకపోతే అంచున రాసుకుంది. బయటికొచ్చాక నన్నడిగింది: “మేడం, నాది ఇంక రాదంటారా?” “పదేళ్ళయింది కాబట్టి రాకపోవచ్చు, నాదీ అంతే” అన్నాను. అంతకుముందెప్పుడూ ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు.