బోనులో నిలబడ్డ విగ్రహం కళ కాదా?

ఢిల్లీ లోధీ కాలనీ గోడల మీద బొమ్మలు వేస్తే అది ‘పబ్లిక్ ఆర్ట్’. హైదరాబాద్ ఎం.ఎస్. మక్తాలో వేస్తే ‘ఆర్ట్ డిస్ట్రిక్ట్’. అదే నగరంలో ఒక బస్తీ ఇంటింటికీ తిరిగి చందాలు పోగేసి బాబాసాహెబ్‌ను నిలబెట్టుకుంటే మాత్రం ‘అనుమతి లేని నిర్మాణం’. ఈ తేడాకు సౌందర్యశాస్త్రం అని పేరు పెట్టొద్దు. ఇది కులం.

చెన్నై కణ్ణగి నగర్‌నే తీసుకోండి. 2000 తర్వాత కూవం ఒడ్డు నుంచి, నగరం నడిబొడ్డు నుంచి ఖాళీ చేయించిన పేదలను తెచ్చి పడేసిన కాలనీ అది. 2020లో ఒక రంగుల కంపెనీ, ఒక కళా ఫౌండేషన్, కార్పొరేషన్ కలిసి ఆ ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద ముఖాలు వేయించాయి. బొమ్మలు బాగున్నాయి, కాదనను. కానీ ఆ మనుషులను అక్కడికి ఎవరు తరిమారో రంగు చెప్పదు. వాడవాళ్లు తామే నిర్ణయించి, తామే డబ్బు పెట్టి, తామే కాపలా కాసుకునేది కదా ‘కమ్యూనిటీ ఆర్ట్’ అంటే?

ఆ లెక్కన ఈ దేశంలో అతి పెద్ద సామూహిక కళ నీలి కోటు విగ్రహమే. ‘అన్నీ ఒకేలా ఉంటాయి, ఇందులో కళేముంది’ అంటారు విమర్శకులు. గుళ్లలో తరతరాలుగా ఒకే కొలతతో చెక్కినవాటిని మాత్రం ‘సంప్రదాయం’ అని పరీక్షల్లో రాయిస్తారు. అయినా ఇవి ఒకేలా ఉండవు, దగ్గరికెళ్లి చూడాలి. ఒకచోట కళ్లజోడు ముఖానికి మించి ఉంటుంది. ఇంకోచోట పోతపోసినవాడి ఊరి ముఖమే బాబాసాహెబ్‌కి వచ్చేస్తుంది. నాకైతే ఆ పోలిక కుదరని ముఖాలే ఎక్కువ ఇష్టం.

1997 జూలై 11న ముంబై ఘాట్కోపర్ రమాబాయి నగర్‌లో విగ్రహానికి చెప్పుల దండ వేశారు. నిరసనకు దిగిన జనం మీద రిజర్వు పోలీసులు కాల్పులు జరిపితే 10 మంది చనిపోయారు. తమిళనాడులో ఎన్నో చోట్ల ఆయన ఇనుప బోనులో నిలబడి ఉన్నారు. లోధీ కాలనీ గోడకు బోను ఎందుకు అక్కర్లేదో మన కళాచరిత్ర సిలబస్‌లో ఏ యూనిట్ చెబుతుంది?

ప్రభుత్వానికి విగ్రహమంటే పడదని కాదు. 2019 ఏప్రిల్ 13న, జయంతికి ఒక్కరోజు ముందు, హైదరాబాద్ పంజాగుట్టలో పెట్టిన విగ్రహాన్ని జీహెచ్‌ఎంసీ తొలగించింది. విరిగిన విగ్రహం చెత్త యార్డుకు చేరింది. అదే నగరంలో 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేడ్కర్‌ను ఆవిష్కరించారు. టెండరు పిలిస్తే గౌరవం, చందా పోగేస్తే ఆక్రమణ! రోడ్ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దన్న 2013 సుప్రీంకోర్టు ఉత్తర్వును వెంటనే చూపిస్తారు. అదే కోర్టు 2009లో రోడ్ల మీద కొత్త గుళ్లు, మసీదులు, చర్చిలు కట్టనివ్వొద్దని కూడా చెప్పింది. గుడి దగ్గర ఆ మాట ఎత్తే అధికారి నాకు అరుదుగా కనిపిస్తాడు.

ఫైన్ ఆర్ట్స్ విభాగాల్లోని మిత్రులకు ఒక మాట. గ్యాలరీల మీద థీసిస్‌లు చాలా వచ్చాయి. మీ బస్తీ విగ్రహాన్ని ఎవరు పోశారు, ఏ కూలి డబ్బుతో పోశారు, గొడవలప్పుడు ఏ ఆడవాళ్లు రాత్రంతా కూర్చుని కాపాడారు అన్నది రాయండి. అవి తెలిసినవాళ్లు ముసలివాళ్లయిపోతున్నారు. చాలాచోట్ల సిమెంటు విగ్రహం తీసేసి కంచుది పెడుతున్నారు. తీసేసిన పాతదాన్ని ఎక్కడ పెట్టారో ముందు అది అడగండి.