మీటరు వేయనివాడు

విదేశాలు చూసి వచ్చినవారిని ఆ దేశం ఎలా ఉందని అడిగితే, చాలామంది మొదట చెప్పేది టాక్సీవాడి సంగతే. "వట్టి మోసగాళ్ళండీ" అంటూ ఒక జాతి గుణగణాలను ఒక్కమాటలో తేల్చివేస్తారు. ఈ తీర్పు నాకు సమ్మతం కాదు.

బాంకాక్‌నే తీసుకుందాం. అక్కడి టాక్సీలకు మీటర్లు వచ్చింది 1992లో. ప్రారంభపు రుసుము ఆనాడు 35 బాత్‌లు. ఆపైన కిలోమీటరు రేట్లు పెరిగాయి గానీ, 2023 జనవరి సవరణలో కూడా చిన్న కార్లకు ఆ 35 అలాగే నిలిచింది. నడిపేవారిలో అనేకులు ఈశాన్యాన ఉన్న ఇసాన్ ప్రాంతపు పల్లెలనుండి పొట్టచేత పట్టుకుని వచ్చినవారు. చాలామందికి కారు సొంతం కాదు. పూటకింతని అద్దె కట్టి తీసుకున్నది. సాయంత్రం సుఖుమ్‌విత్ రోడ్డు మీద వాహనాలు ఆగిపోయినప్పుడు మీటరు నత్తనడక నడుస్తుంది. అద్దె మాత్రం తగ్గదు. మీటరు వేయకుండా "మూడువందలు" అనే మాట వెనుక దురాశ ఉండవచ్చు, ఈ లెక్కా ఉండవచ్చు.

జాలిపడి అడిగినంతా సమర్పించుకోమని నేననను. మీటరు వేయకపోవడం అక్కడి చట్టం ప్రకారం తప్పే. కారెక్కక ముందే అడగాలి. కాదంటే చిరునవ్వుతో మరొక కారు చూసుకోవాలి. సువర్ణభూమి విమానాశ్రయంలో యంత్రమిచ్చే చీటీని భద్రంగా దాచుకోవాలి. అక్కడినుండి మీటరుపై అదనపు రుసుమూ, ఎక్స్‌ప్రెస్‌వే సుంకమూ మనమే కట్టాలని ముందే తెలిస్తే సగం జగడాలు పుట్టనే పుట్టవు. "రాజప్రాసాదం ఇవాళ మూసేశారు, రత్నాల దుకాణం చూపిస్తాను" అనే తుక్‌తుక్ వాడికి మాత్రం ఒక నమస్కారం పెట్టి ముందుకు సాగాలి. అతడి అసలు రాబడి ఆ దుకాణం ఇచ్చే కమీషను.

దారి తెలిసినవాడికీ తెలియనివాడికీ నడుమ కుదిరిన ఒప్పందం మీటరు. అది అమలు కానిచోట తెలియనివాడే నష్టపోతాడు, ఏ దేశమైనా సరే. తెల్లవారుజామున సికింద్రాబాదు స్టేషను బయట, తెలుగు రాని యాత్రికుణ్ణి ఆటోలు చుట్టుముట్టే దృశ్యం మనమెరగనిదా? అతడు తన ఊరికి పోయి మనందరినీ ఏమనాలని కోరుకుంటాం?

బేరంలో గట్టిగా నిలబడదాం. మోసపోతే ఆ మోసం చేసినవాణ్ణే తిట్టుకుందాం. అదే వీధిలో మాట్లాడకుండా మీటరు వేసి, చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టినవాడూ ఉంటాడు. ఇంటికొచ్చి చెప్పే కబుర్లలో అతడికి చోటు లేకపోవడమే నాకు అన్యాయమనిపిస్తుంది.

మీరేమంటారు?