కంప్యూటర్ మూగవోయిందా? కంగారు పడకండి!

మిక్సీ తిరగకపోతే మనం ఏం చేస్తాం? ముందు ప్లగ్గు చూస్తాం. తర్వాత జార్ సరిగ్గా కూర్చుందా లేదా అని చూస్తాం. అదీ సరిగ్గానే ఉంటే తలకిందులు చేసి అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కుతాం. అప్పటికీ కదలకపోతేనే మెకానిక్ దగ్గరికి పంపిస్తాం. అంతేగానీ మొదటి నిమిషంలోనే "మోటారు కాలిపోయింది, కొత్తది కొందాం" అనం కదా! మరి కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివంతా ఎక్కడికి పోతుందో!

ఈ వారం లినక్స్ కంప్యూటర్లో పోయిన శబ్దం గురించి చెప్పుకుందాం. "అమ్మో, లినక్సా! అది ఇంజనీర్ల వ్యవహారం" అని పేజీ తిప్పేయకండి. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ లినక్స్ ఇప్పుడు మన ఇళ్ళలోకీ వచ్చేసింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆపేసింది. పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. పారేయడానికి మనసొప్పక పిల్లలు వాటిలో లినక్స్ వేసి ఇస్తున్నారు. డబ్బు కట్టనక్కర్లేదు, పాత యంత్రం మీద కూడా హాయిగా నడుస్తుంది.

మా చుట్టాల్లో మూడిళ్ళలో ఇదే. వనపర్తిలో మా ఇల్లు, గద్వాలలో మా ఆడబిడ్డ ఇల్లు, నాగర్‌కర్నూల్లో మా అన్నయ్య ఇల్లు. ఒకప్పుడు మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోవే, 2016 అక్టోబర్ నుంచి మూడూ వేర్వేరు జిల్లా కేంద్రాలు. మూడిళ్ళలోనూ లినక్స్ మింట్ వేసింది మా అబ్బాయే. మొన్న సెలవులకు వచ్చినప్పుడు మూడింటినీ 21 నుంచి 22కు అప్‌గ్రేడ్ చేసి, వాడి దారిన వాడు రైలెక్కాడు. మర్నాటి నుంచి మొదలైంది నా పని!

మా ఇంట్లో జరిగింది

మావారు పొద్దున్నే పాటలు పెట్టుకున్నారు. తెర మీద పాట నడుస్తోంది, శబ్దం లేదు. నాకు తోచినట్టు చూసుకుంటూ వచ్చాను. స్పీకర్ వైరు ఊడలేదు, దాని లైటు వెలుగుతోంది. ఇంకో పాట పెట్టి చూశాను, అదీ అంతే. తెర కింది మూలన ఉండే స్పీకర్ బొమ్మ మీద నొక్కితే శబ్దం మూసేసి ఉంది! దాన్ని తెరవగానే పాట మోగింది. అయిదు నిమిషాల పని. "ఇంతేనా?" అన్నారు మావారు. ఇంతే. పది కేసుల్లో కొన్ని ఇంత చిన్నవే ఉంటాయి. అందుకే మొదట చిన్నవే చూడాలి.

అసలు అప్‌గ్రేడ్ చేస్తే శబ్దమే ఎందుకు పోవాలి అని మీకు అనుమానం రావచ్చు. కంప్యూటర్లో శబ్దం మూడు మెట్లు దాటి మన చెవికి చేరుతుంది. అడుగున ఉండేది ఆల్సా. సౌండ్ చిప్‌తో నేరుగా మాట్లాడేది అదే. 2003 డిసెంబర్‌లో వచ్చిన లినక్స్ 2.6 కెర్నల్ నుంచి అది కెర్నల్లోనే భాగం. పైన ఉండేవి మనం వాడే పాటల ప్రోగ్రాములు, వీడియో కాల్స్. మధ్యన ఒక పెద్దమనిషి ఉంటాడు, ఎవరి శబ్దం ఎటు పంపాలో చూసుకుంటాడు. మింట్ 21 వరకు ఆ పెద్దమనిషి పేరు పల్స్ ఆడియో. 2024 జూలైలో వచ్చిన మింట్ 22లో ఆ పనిని పైప్‌వైర్‌కు అప్పగించారు. కొత్త కోడలు కాపురానికొచ్చిన మొదటి వారం పోపుడబ్బా ఎక్కడుందో వెతుక్కున్నట్టు, కొత్తగా వచ్చిన పైప్‌వైర్ కూడా ఒక్కోసారి తడబడుతుంది. యంత్రం పాడైపోయిందని కాదు, అమరిక మారిందని అర్థం.

గద్వాల నుంచి ఫోను

మా ఆడబిడ్డ గద్వాల చీరలు అమ్ముతుంది. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే ఈ చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దూరాన ఉన్నవాళ్ళకు వీడియో కాల్‌లో కొంగు విప్పి చూపించి అమ్మడం ఆమెకు అలవాటు.

"వదినా, వాళ్ళ నోరు కదులుతున్నది గాని సప్పుడు వస్తలేదు. ధర ఎంతంటున్నరో, వద్దంటున్నరో తెల్వకపాయె!" అంది ఫోన్లో.

స్పీకర్ బొమ్మ బాగానే ఉందిట, శబ్దం నిండుగా పెట్టే ఉందిట. సౌండ్ సెట్టింగ్స్ తెరిచి, అవుట్‌పుట్ అన్నచోట ఏయే పేర్లున్నాయో చదవమన్నాను. రెండున్నాయి. ఒకటి స్పీకర్స్, రెండోది హెచ్‌డీఎంఐ. గుర్తు ఈ రెండోదాని మీద ఉంది. అప్పుడు తట్టింది నాకు. చీరలు పెద్దగా కనబడాలని ఆమె ఈమధ్యే టీవీకి వైరు కలిపింది. శబ్దమంతా ఆ వైరులోంచి టీవీకి పోతోంది, టీవీ శబ్దమేమో తగ్గించి పెట్టి ఉంది!

జూరాల ప్రాజెక్టు నిండుగా ఉన్నా, ఎడమ కాలువ తూము ఎత్తి కుడి కాలువ తూము మూసేస్తే గద్వాల వైపు పొలాలకు నీళ్ళెలా వస్తాయి? ఇదీ అంతే. స్పీకర్స్ అన్న పేరు మీద నొక్కి, పక్కనున్న టెస్ట్ సౌండ్ బటన్ నొక్కమన్నాను. "వచ్చింది వదినా, వచ్చింది!" అని అరిచింది. ఆ సాయంత్రం రెండు చీరలు అమ్ముడుపోయాయని మళ్ళీ ఫోను చేసింది.

వీడియో కాల్స్ చేసేవాళ్ళకు ఇంకో మాట. అదే చోట ఇన్‌పుట్ అని ఇంకొకటి ఉంటుంది, అది మైకు సంగతి. అవతలివాళ్ళకు మీ గొంతు వినపడకపోతే దాన్ని చూడండి.

నాగర్‌కర్నూల్లో...

ఈ రెండూ సరదాగా చెప్పుకోవచ్చు. మూడోది మాత్రం సరదా కాదు.

మా అన్నయ్య కూతురికి చూపు లేదు. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. లినక్స్‌లో ఓర్కా అని ఒక ప్రోగ్రాం ఉంది, తెర మీద ఏముందో చదివి వినిపిస్తుంది. దానికి గొంతునిచ్చే ఈస్పీక్ ఎన్‌జీకి తెలుగు కూడా వచ్చు. రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుందని మా వదిన నవ్వుతుంది గానీ, ఆ రేకు డబ్బా గొంతే పిల్లకు మూడేళ్ళుగా పుస్తకం, పంతులమ్మ, స్నేహితురాలు అన్నీ. తను టైపు చేసుకున్న నోట్సంతా ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంది.

పరీక్ష ఇంకా మూడు రోజులుందనగా ఫోను చేసింది.

"అత్తమ్మా, కంప్యూటర్ మాట్లాడ్తలేదు. నాకెట్లా కనబడదు గద. గిప్పుడు వినబడ్త కూడ లేదు."

నా గుండె ఒక్కసారి జారినట్టయింది. అదే అప్‌గ్రేడ్. మాకైతే పాటలు ఆగాయి, ఆడబిడ్డకు బేరం ఆగింది, ఈ పిల్లకు మొత్తం కంప్యూటరే మాయమైంది. వాడు అప్‌గ్రేడ్ చేస్తుంటే పక్కనే కూర్చుని కాఫీ తాగిన నాకూ ఆ ఆలోచన రాలేదు, చేసిన వాడికీ రాలేదు.

అప్పటికే అన్నయ్య దాన్ని ఒక దుకాణానికి తీసుకెళ్ళాడట. "సౌండ్ పోయింది, ఫార్మాట్ కొట్టి వేరేది వెయ్యాలె" అన్నారట వాళ్ళు. ఫార్మాట్ అంటే మూడేళ్ళ నోట్సు తుడిచిపెట్టుకుపోవడమే! "ఎవ్వరినీ ముట్టుకోనీయకు, ఇంటికి తెచ్చెయ్యి" అన్నాను.

మా వదినకు ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, మాటలు రావు. పిల్లకు కీబోర్డు వేళ్ళ కొసన ఉంది, తెర కనపడదు. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఫోను స్పీకర్లో పెట్టించాను. స్పీకర్ బొమ్మ చూశాం, బాగుంది. అవుట్‌పుట్ చూశాం, అదీ స్పీకర్స్ మీదే ఉంది. ఇక మిగిలింది అడుగు మెట్టు, ఆల్సా.

కంట్రోల్, ఆల్ట్, టీ మూడూ కలిపి నొక్కమన్నాను. నల్లటి కిటికీ తెరుచుకుంది. దాంట్లో ఆల్సామిక్సర్ అని ఇంగ్లీషులో కలిపి టైపు చేసి ఎంటర్ నొక్కమన్నాను. ఏ, ఎల్, ఎస్, ఏ, ఎం, ఐ, ఎక్స్, ఈ, ఆర్. తర్వాత ఎఫ్6 నొక్కితే సౌండ్ కార్డుల పట్టిక వస్తుంది. వదిన ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. హెచ్‌డీఏ ఇంటెల్ అన్నది ఎంచుకున్నాం.

"నిలువు గడులు కనబడుతున్నాయా వదినా?"

"ఆఁ, మస్తుగున్నయి."

"ఒక్కోదాని కింద ఏముందో చెప్పు."

"మొదటిదాని కింద రెండు సున్నలు. రెండోదానికీ సున్నలే. గీ ఎస్ పీ తోని మొదలైనదాని కింద సున్నలు లేవు. ఎం, ఎం అని రెండున్నయి."

దొరికింది దొంగ! ఆ సున్నలు నిజానికి ఓ అనే అక్షరాలు. రెండు ఓలుంటే తెరిచినట్టు, రెండు ఎంలుంటే నోరు నొక్కేసినట్టు. స్పీకర్ గడి నోరు నొక్కేసి ఉంది. కుడి బాణం మీటతో ఆ గడి దాకా వెళ్ళి ఎం అక్షరం ఒక్కసారి నొక్కమన్నాను. పై బాణం మీటతో శబ్దం పెంచమన్నాను.

ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత ఫోన్లోంచి ఆ రేకు డబ్బా గొంతు గడగడా వినపడింది. వెనకాలే మా వదిన ఏడుపు. పిల్ల మాత్రం, "అమ్మా, జర ఆగు, అది ఏం జెప్తున్నదో విననీ" అంది!

తల్లి కళ్ళు, బిడ్డ వేళ్ళు కలిసి చేసిన రిపేరు అది. ఫోన్లో నేను చేసింది చాలా తక్కువ.

అప్పటికీ రాకపోతే

ఈ మూడూ చూశాక కూడా శబ్దం రాకపోతే ఇలా చేయండి.

ముందు కంప్యూటర్ పూర్తిగా ఆపి మళ్ళీ పెట్టండి. పైప్‌వైర్ మొదట్నుంచీ లేస్తుంది. చాలాసార్లు దీంతోనే దారికొస్తుంది.

అవుట్‌పుట్ దగ్గర డమ్మీ అవుట్‌పుట్ అని ఒక్కటే కనబడితే, కంప్యూటర్ తన సౌండ్ చిప్‌ను గుర్తుపట్టలేదన్నమాట. అప్‌డేట్ మేనేజర్‌లో మిగిలిపోయిన అప్‌డేట్లు ఉంటే పూర్తి చేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో సౌండ్ చిప్‌కు ఫర్మ్‌వేర్ ఫైలు కూడా ఉండాలి, అది లేకపోయినా ఇలాగే అవుతుంది.

అదీ కుదరకపోతే పాత కెర్నల్‌తో చూడండి. కంప్యూటర్ లేస్తుండగా షిఫ్ట్, కొన్నింట్లో ఎస్కేప్ నొక్కితే ఒక పట్టిక వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే పాత కెర్నల్ ఉన్నట్లయితే కనబడుతుంది. దాంతో శబ్దం వస్తే తప్పు కొత్త కెర్నల్‌ది. సరిచేసిన అప్‌డేట్ వచ్చేదాకా పాతదానితోనే నడపవచ్చు.

చివరి పరీక్ష పెన్‌డ్రైవ్. మింట్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ లేపి, ఇన్‌స్టాల్ జోలికి పోకుండా ఒక పాట పెట్టి చూడండి. అక్కడ మోగితే మీ సౌండ్ చిప్ బంగారం లాంటిది. అక్కడా మోగకపోతే అప్పుడు మెకానిక్‌ను నమ్మవచ్చు. "ఫార్మాట్" అన్న మాట మాత్రం మీ ఫైళ్ళు వేరే చోట దాచుకున్నాకే వినండి.

అప్‌గ్రేడ్‌కు ముందు

* మింట్‌లోనే టైమ్‌షిఫ్ట్ ఉంది. దాంతో ఒక స్నాప్‌షాట్ తీసుకుంటే, ఏదైనా తేడా వస్తే పాత స్థితికి తిరిగి వెళ్ళవచ్చు. అది దాచేది సిస్టం ఫైళ్ళనే, మన ఫొటోలు, నోట్సు కాదు. వాటిని విడిగా పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.

* పరీక్షల ముందు, పెళ్ళిళ్ళ సీజన్ బేరాల మధ్య అప్‌గ్రేడ్ పెట్టుకోకండి. పండక్కి చుట్టాలొచ్చిన రోజున సున్నం వేయించుకోం కదా!

* ఒక యూఎస్‌బీ హెడ్‌ఫోన్ ఇంట్లో ఉంచుకోండి. సౌండ్ కార్డు దానిలోనే ఉంటుంది కాబట్టి కంప్యూటర్ సొంత స్పీకర్లు మూగవోయినా చాలాసార్లు ఇది పనిచేస్తుంది. ఓర్కా వాడేవాళ్ళకు ఇది తప్పనిసరి.

* అప్‌గ్రేడ్ చేసినవాడు బస్సెక్కకముందే పాట పెట్టించి, కాల్ చేయించి, ఓర్కా ఉంటే మాట్లాడించి చూడండి.

అన్నిటికంటే ముందు, ఈ యంత్రం మీద ఎవరు దేనికి ఆధారపడి ఉన్నారో ఒకసారి అడగండి. కూరలో ఉప్పు వేసేముందు ఇంట్లో బీపీ ఉన్నవాళ్ళను తలుచుకుంటాం కదా, ఇదీ అలాంటిదే. మా అబ్బాయికి ఈ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడే నాగర్‌కర్నూల్ వెళ్ళి, పిల్లకు ఒక యూఎస్‌బీ హెడ్‌ఫోన్ ఇచ్చి, ఆల్సామిక్సర్ ఎలా తెరవాలో వదినకు రెండుసార్లు చేయించి మరీ వచ్చాడు.

అన్నట్టు, పిల్ల పరీక్ష బాగా రాసిందట. సహాయకురాలికి జవాబులు చెబుతుంటే చెవిలో ఆ రేకు డబ్బా గొంతే వినపడిందట!

మీ ఇంట్లో కూడా ఏ యంత్రమైనా ఇలా మొరాయించి, మీరే సరిచేసుకుని ఉంటే మాకు రాయండి. పదిమందికీ పనికొస్తుంది.