ఇంటి బడి, తార్నాక పాఠాలు

2015లో హైదరాబాద్ కుర్రాడు అగస్త్య జైస్వాల్ తొమ్మిదేళ్లకే పదో తరగతి పాసయ్యాడు. 2020లో, పద్నాలుగో ఏట, ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలో జర్నలిజం డిగ్రీ పూర్తిచేశాడు. అక్క నైనా టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి. ఆమెదీ ఇంటి చదువే. ఇద్దరికీ అమ్మానాన్నలే గురువులు.

పత్రికలు వాళ్ల వయసునే పెద్దక్షరాల్లో వేశాయి. ఈ సంచిక మాత్రం ఇంట్లో చదివే పిల్లల రోజు ఎలా సాగాలన్నది పట్టించుకుంటోంది.

నాలుగైదు తరగతుల ఈడు పిల్లలకు పొద్దున రెండు గంటలు లెక్కలు, తెలుగు చాలు. చెప్పించుకునేది ఒక్కరే కాబట్టి అర్థంకాని చోట ఎంతసేపైనా ఆగొచ్చు. హైదరాబాద్ తార్నాకలో ఉంటే మిగతా పాఠాలు వీధిలోనే దొరుకుతాయి. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ గ్రానైట్ గోడను తాకి చూడాలి; 1939లో ప్రారంభమైన ఆ భవనం వయసెంతో తీసివేత చేసి చెప్పాలి. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన విశ్వవిద్యాలయం కథ చరిత్ర పాఠం. మధ్యాహ్నం కంచంలో పప్పెంత, ఆకుకూరెంత అన్నది సైన్సు. మన దేశానికి ఆహార మార్గదర్శకాలు రాసే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది ఈ తార్నాకలోనే!

సాయంత్రం ఆట తప్పనిసరి. తోటి పిల్లలతో గొడవపడటం, రాజీపడటం ఏ తల్లీ ఒంటరిగా నేర్పలేదు.

సర్టిఫికెట్ సంగతి? జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన స్థాయిలున్నాయి. వివరాలు లోపలి పేజీల్లో.